ఈ నెల విజేత

జనవరి 6

చేరాను. వీధి చివర మందుల షాపు పైన ఫిట్‌నెస్ స్టూడియో, మొదటి అంతస్తు. మెట్లు ఇరవై రెండు. ఎక్కేసరికే ఆయాసం వచ్చింది, ఇక పైన ఏం చేయిస్తారో.

కౌంటరులో ఒక అమ్మాయి ఉంది. మాటకి ముందు నవ్వు, మాట తర్వాత నవ్వు. చొక్కాకి పేరున్న బిళ్ళ పెట్టుకుంది గానీ నేను కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను. చిరునవ్వు అనుకుంటాను, సరిపోతుంది. గోడ దగ్గర నిలబెట్టి ఫోటో తీసింది. తెర మీద ఎక్కడో వేలితో సంతకం పెట్టమంటే పెట్టాను. వయసు యాభై ఆరు, బరువు అరవై ఒకటి. "మీ లక్ష్యం ఏంటి మేడమ్?" అంది. మా ఆయన్ని ఎత్తాలి అన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, డెబ్బై రెండు కిలోల మనిషి, మార్చి నెలాఖరుకల్లా మంచం మీంచి కుర్చీలోకి నేనొక్కదాన్నే మార్చగలగాలి అని విడమరిచి చెప్పాను. పాపం, శ్రద్ధగానే వింది. విని తెర వంక చూసి, ఇందులో మూడే ఉన్నాయంది. బరువు తగ్గడం, ఆకృతి, ప్రశాంతత. ఏదో ఒకటి నొక్కకపోతే తెర ముందుకి పోదట. మీ వయసు వాళ్ళంతా బరువు తగ్గడమే పెట్టుకుంటారని తనే నొక్కేసింది.

నా కొట్లో ఎవరైనా ప్యాంటు బిగుతుగా ఉందని తెస్తే నేను వెంటనే టేపు తీయను. ఎవరు వేసుకుంటారు, కూర్చుని పని చేస్తారా నిలబడా, అది అడుగుతాను. సరే, కుట్టుపని వేరు, ఇది వేరు. వాళ్ళకి తెలిసే ఉంటుంది.

జనవరి 7

నలభై నిమిషాలు యంత్రం బెల్టు మీద నడిచాను. ఎక్కడికీ వెళ్ళలేదు.

జనవరి 13

వదిన ఫోను. ఈయనకి అక్క. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది గానీ ఆ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. నిదానంగారు మార్చి నెలాఖరుతో మానేస్తున్నాడని ఆవిడకి ఎవరు చెప్పారో. నేను చెప్పలేదు. ఈయన్ని పొద్దునా సాయంత్రం లేపి, స్నానం చేయించి, కూర్చోబెట్టి వెళ్ళే మనిషి. ఏ పనీ తొందరగా చెయ్యడు, అందుకే ఆ పేరు పెట్టాను. కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు.

ఇలాంటి వాళ్ళని ఉంచి చూసుకునే మంచి హోమ్ తన ఇంటి దగ్గరే ఉందిట. ఏప్రిల్ ఒకటి నుంచి ఒక మంచం ఈయన కోసం అట్టేపెట్టించిందిట. నేను ససేమిరా అన్నాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మార్చి ముప్పైన వస్తాను అమ్మాయ్. నువ్వొక్కదానివే వాణ్ణి మంచం మీంచి కుర్చీలోకి మార్చి చూపించు. చూపించావా, నోరెత్తను. లేదా, నాతో తీసుకెళ్తాను."

సరే అన్నాను. ఇంకేమంటాను? ముప్పై రెండేళ్ళు కాపురం చేశాం, పిల్లలు లేరు, ఆ మంచం ఖాళీ అయితే నేనీ ఇంట్లో ఎవరితో పోట్లాడాలి?

ఫోను పెట్టేసరికి ఈయన నా వంకే చూస్తున్నారు. "ఒకటి, రెండు, మూడు," అన్నారు. మాట పోయి అయిదు నెలలు, అంకెలొక్కటే మిగిలాయి. బళ్ళో డ్రిల్లు మాస్టారు కదా, జీవితమంతా లెక్కపెట్టి పిల్లల చేత చేతులెత్తించిన మనిషి. మాట నేర్పే డాక్టరమ్మ చెప్పింది, అవి వాటంతటవే వచ్చేస్తాయి, అర్థం వెతక్కండి అని. వెతకడం మానేశాను.

జనవరి 20

ఇవాళ కోచ్‌ని పట్టుకున్నాను. ఒళ్ళంతా కండలు, చూపు మాత్రం ఎప్పుడూ గడియారం మీదే. రెండు వారాలుగా నడుస్తున్నాను, సైకిలు తొక్కుతున్నాను, ఎత్తేది ఎప్పుడు బాబూ అని అడిగాను. బరువులన్నీ హాలుకి అవతలి పక్క ఉంటాయి, మధ్యలో నేల మీద పసుప్పచ్చ గీత. ఆ గీత దాటడం నా ప్లానులో లేదుట. ప్లాను మార్చమన్నాను. కౌంటరులో అడగమన్నాడు. కౌంటరులో చిరునవ్వు కోచ్‌ని అడగమంది. ఇద్దర్నీ ఒకచోట నిలబెట్టి అడిగితే ఇద్దరూ తెర వంక చూశారు. ఉన్న లక్ష్యం పూర్తయితే గానీ కొత్త లక్ష్యం తెరుచుకోదు. నా లక్ష్యం ఎనిమిది కిలోలు. నేను పెట్టుకోలేదు, నా ఎత్తు చూసి ఆ తెర పెట్టింది.

"మీ ఫీడ్‌బ్యాక్ మాకు చాలా ముఖ్యం మేడమ్," అంది చిరునవ్వు. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం, గోడ థాంక్యూ అనదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. ఎనిమిది కిలోలు ఎంత తొందరగా పోతే అంత తొందరగా గీత దాటొచ్చు. పోగొట్టడం ఎంతసేపు? రాత్రి భోజనం మానేస్తే సరి.

జనవరి 21

మానేశాను. ఈయనకి తినిపించాను. నేను తిన్నానని చెప్పాను.

జనవరి 28

58. ఆకలి వేయడం లేదు. బాగానే ఉంది.

ఫిబ్రవరి 3

57. చప్పట్లు కొట్టారు. పక్క బెల్టు మీద నడిచే ఆవిడ ఏం తింటున్నారని అడిగింది. ఏమీ తినడం లేదన్నాను. జోకనుకుని నవ్వింది.

ఫిబ్రవరి 9

ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 10

నిదానంగారు ఈయన మోచేతి మీద కమిలి దోక్కుపోయిన చోటు చూసి, ఇదేంటమ్మా అన్నాడు. గుమ్మం తగిలిందన్నాను. ఈయన నా మొహం వంక చూశారు. ఒక్క అంకె కూడా పలకలేదు.

ఫిబ్రవరి 11

ఏమీ జరగలేదని ఎందుకు రాశానో. ఇది చదివేది ఎవరు గనక?

పడేశాను. ఆదివారం మధ్యాహ్నం, నిదానంగారు వచ్చే వేళ కాదు. పక్క గుడ్డ మార్చాలి, ఈయన్ని కుర్చీలో కూర్చోబెడితే ఐదు నిమిషాల పని. ఇన్నాళ్ళు నడిచాను, తొక్కాను, బలం రాకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. రెండు చంకల కిందా చేతులు పెట్టి ఒక్క ఊపున లాగాను. ఈయన ఏదో లెక్కపెడుతున్నారు, నేను వినిపించుకోలేదు. సగం లేచేసరికి నా కళ్ళు తిరిగాయి. ఇద్దరం నేల మీదున్నాం. ఈయన కింద, నేను పైన. కోటు సరిచేయించుకున్న కస్టమరు కొట్టున్న ముందు గదిలోంచి పిలుస్తున్నాడు, ఏమండీ, ఉన్నారా అండీ అని. ఆయనే వచ్చి ఎత్తాడు. కోటు చేతులు పొడుగయ్యాయని చెప్పడానికి వచ్చాట్ట, ఆ రోజు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

వదినకి తెలిస్తే ముప్పై దాకా కూడా ఆగదు. తెలియనివ్వను.

ఫిబ్రవరి 24

54. నా పాత చుడీదార్లు రెండోసారి బిగించాను. సొంత బట్టలకి ఇలా మళ్ళీ మళ్ళీ ఆల్టరేషను చేసుకోవడం ఈ కొట్టు పెట్టాక ఇదే మొదలు.

మార్చి 3

53. లక్ష్యం పూర్తయింది. చిరునవ్వు గంట కొట్టింది, అక్కడ ఎవరైనా లక్ష్యం చేరితే కొట్టే గంట ఒకటుంది. బెల్టుల మీద వాళ్ళంతా దిగి చప్పట్లు కొట్టారు. మళ్ళీ అదే గోడ దగ్గర నిలబెట్టి ఫోటో తీశారు. ఈ నెల విజేతని నేనేనట.

అవన్నీ అయ్యాక గీత దాటుతానన్నాను. దాటండి మేడమ్ అన్నాడు కోచ్, ఆ ముక్క కోసం ఎనిమిది వారాలు పట్టింది. ఎనిమిది కిలోల బరువు చేతికిచ్చాడు, కొత్త వాళ్ళకి అదేనట. నడుం దాకా వచ్చింది. అక్కడ చేతులు వణకడం మొదలుపెట్టాయి. కింద పెట్టి బల్ల మీద కూర్చుండిపోయాను. జనవరిలో పన్నెండు కిలోల బట్ట తాను నేలమీంచి బల్ల మీదికి ఒక్కదాన్నే వేసేదాన్ని.

కోచ్ మంచినీళ్ళు తెచ్చాడు. ఏమైనా తినొచ్చారా అని అడిగాడు. ఆ ప్రశ్న వాళ్ళ నోట్లోంచి వినడం అదే మొదటిసారి. ఒళ్ళు మండిపోయింది, కానీ మండడానికి కూడా ఓపిక ఉండాలి.

మార్చి 5

నా ఫోటోలు రెండూ పక్కపక్కన మెట్ల దగ్గర గోడ మీద పెట్టారు, ఫోన్లలోకీ పంపించారు. ఇవాళ కొట్టుకొచ్చిన ముగ్గురు నన్ను అభినందించారు. ఒకావిడ తనూ తగ్గబోతోందట, నడుము దగ్గర ముందే కాస్త బిగించి పెట్టమంది. తగ్గాక రండి అని పంపేశాను.

మార్చి 6

వదిన ఫోను. ఆ ఫోటోలు ఎవరు పంపారో ఆవిడకి కూడా చేరాయి.

"ఎడంపక్క ఫోటోలో మనిషుంది. కుడిపక్కది నేను వార్డులో చూసే రకం," అంది.

నేనేదో అనబోయాను. వినలేదు. ముప్పై దాకా ఆగేది లేదు, పదహారు ఆదివారం వస్తోంది, హోమ్‌లో మంచం కూడా ముందుకి జరిపించిందిట. ఫోను పెట్టేసి కుట్టుమిషను ముందు కూర్చున్నాను. బలం వస్తుందని వెళ్ళినచోట ఉన్న బలం కాస్తా పోయింది, పోయినట్టు రుజువు కూడా వాళ్ళే ఊరందరికీ పంపారు.

మార్చి 7

ఫోటో తీసెయ్యండని అడగడానికి వెళ్ళాను. తీసినా ఇక లాభం లేదని తెలుసు, అయినా వెళ్ళాను. నెలాఖరు దాకా ఉండాలట, విజేతల నియమం. మొదటి రోజు సంతకం పెట్టారు కదా మేడమ్ అంది చిరునవ్వు. మేనేజరుతో మాట్లాడతానన్నాను. మేనేజరు ఇక్కడ ఉండడట, ఫోనులో ఉంటాడట. ఫోనులో పన్నెండు నిమిషాలు సంగీతం విన్నాను. తర్వాత ఒక గొంతు నా అభ్యర్థన నమోదైందని చెప్పి, ఈ సంభాషణకి అయిదుకి ఎన్ని చుక్కలు ఇస్తారని అడిగింది.

అప్పుడు నోరు చేసుకున్నాను. అరవలేదు, అరిచే గాలి లేదు. మొదటి రోజు నేను ఎందుకొచ్చానో చెప్పానా లేదా అని మాత్రం అడిగాను. చిరునవ్వు నవ్వడం ఆపేసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"చెప్పారు ఆంటీ. నాకు గుర్తుంది. కానీ ఆ తెరలో లేనిది నేను రాయలేను. రాయడానికి చోటు లేదు."

మేడమ్ పోయి ఆంటీ వచ్చింది. మొహం చూస్తే ఇరవై ఏళ్ళు కూడా ఉండవు.  మెట్లు దిగుతుంటే గోడ మీంచి నేను నా వంకే చూస్తున్నాను, ఎండిపోయి.

మార్చి 8

చచ్చీ చెడీ రెండు నెలలు ఆ బెల్టు మీద నడిచిన మనిషిని, మొదటి రోజే చెయ్యాల్సిన పని ఇవాళ చేశాను. నిదానంగారు పొద్దున వస్తే కత్తెర పక్కన పెట్టి లోపలికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన వచ్చే రెండు పూటలూ నాకు పని గడిచే వేళలని కొట్లోకో స్టూడియోకో పరిగెత్తేదాన్ని, ఈయన్ని ఎలా లేపుతాడో ఒక్కరోజు కూడా చూడలేదు.

లేపడం లేదు. అదీ సంగతి. ఈయన కాళ్ళు రెండూ మంచం దగ్గరికి జరిపి, పడిపోయిన మోకాలికి తన మోకాలు ఆనించి, ఎదురుగా వంగి ఊరికే ఆగాడు. ఈయన ముందుకి వంగారు. ఒకటి, రెండు, మూడు. మూడో అంకెకి ఎడమ కాలి మీద తనే లేచారు. నిదానంగారు ఈయన నడుము దగ్గర చెయ్యి వేసి తిప్పాడు, అంతే.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"మీరు అడగలేదు కదమ్మా," అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. "మాస్టారు లేస్తారు. మనం తొందరపడకూడదు, అంతే."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫిబ్రవరి తొమ్మిదిన ఈయన లెక్కపెడుతూనే ఉన్నారు. నేను లాగేశాను.

మార్చి 9

నేర్చుకున్నాను. రెండుసార్లు తొందరపడ్డాను. ఈయన ఎడమ చేత్తో నా చెయ్యి తీసి పక్కకి పెట్టారు, బళ్ళో పిల్లల్ని సరిచేసినట్టు.

మార్చి 11

నిదానంగారు గుమ్మంలో నిలబడి చూశాడు. మూడుసార్లలో మూడుసార్లూ సరిగ్గా మార్చాను.

మార్చి 14

స్టూడియో నుంచి కబురు, మీరు కనబడక బెంగగా ఉందని. చదివి ఫోన్లోంచి తీసేశాను. ఈ రోజు నేను తిన్నది ఏమిటో గుర్తు రావడం లేదు. తిన్నట్టే ఉన్నాను.

మార్చి 15

రేపే. నిద్ర పట్టేలా లేదు. ఈయన హాయిగా గురక పెడుతున్నారు.

మార్చి 16

పన్నెండింటికి వచ్చింది వదిన. చేతిలో రెండు సంచులు, ఒకటి ఖాళీది. ఈయన బట్టలకి.  చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, మంచినీళ్ళు కూడా తాగకుండా కానివ్వు అంది.

ఈయన కాళ్ళు దగ్గరికి జరిపాను. మోకాలికి మోకాలు ఆనించాను. ఆగాను. ఎంతసేపు ఆగానో, ఆవిడ చేతి గడియారం చప్పుడు వినబడింది. ఒకటి. రెండు. నేను కదల్లేదు. మూడు. లేచారు. తిప్పాను, కూర్చున్నారు. వదిన మళ్ళీ అంది. మళ్ళీ చేశాం. నాకు చెమటలు పట్టాయి గానీ చేతులు జారలేదు.

గెలిచాననుకున్నాను. ఇక దాచడమెందుకని ఫిబ్రవరిలో పడేసిన సంగతి నేనే చెప్పేశాను. వచ్చీ రాగానే మోచేతి మీద మానిన మచ్చ చూశానంది. ఆవిడ చూపులోంచి తప్పించుకోవడం ఎవరి తరం.

"వాడు లేస్తాడు, అది తెలిసింది," అంది. "నేను వాడి కోసం ఇంత హడావుడిగా రాలేదు. నీ ఫోటో చూసి వచ్చాను. వాణ్ణి మూడు నెలలు ఆ హోమ్‌లో నా కళ్ళెదుట ఉంచుకుంటా. ఈలోపు నువ్వు మనిషివవ్వు. లేకపోతే ఏదో ఒక రోజు వాడి ముందే పడిపోతావు, లేపడానికి వాడికి చేతులున్నాయా?"

 కుర్చీలోకి మార్చి చూపిస్తే నోరెత్తనన్నారు కదా వదినా అని గొణిగాను. అది జనవరి మాట, అప్పుడు నువ్విలా లేవు అంది. నిజమే. ఎవరితో పోట్లాడను?

వదిన ఈయన వైపు తిరిగింది. ఒరేయ్, నాతో వస్తావా, ఇక్కడే ఉంటావా అని అడిగింది. ఎంత మామూలుగా అడిగిందో. తలూపడం వచ్చు ఈయనకి, అన్నీ అర్థమవుతాయి, అయినా ఇన్ని నెలల్లో ఆ మాట నేను ఒక్కసారి కూడా అడగలేదు. వెళ్తానంటారేమోనని భయం. ఇప్పుడు కూడా అదే భయం, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఈయన తలూపలేదు. అటూ ఊపలేదు, ఇటూ ఊపలేదు. కుర్చీ ముందు బల్ల మీద ఈయన భోజనం పెట్టి ఉంది, పన్నెండున్నరకి పెట్టడం అలవాటు. ఎడమ చేత్తో కంచాన్ని కొంచెం పక్కకి జరిపారు. ఎదురుగా ఖాళీ అయిన చోట అరచెయ్యి వేసి కొట్టారు.

"రెండు," అన్నారు.

అంకెలు పలుకుతాడుగా, అదేనా అంది వదిన. అవునని చెప్పబోయి ఆగిపోయాను. రెండు అనాలంటే ముందు ఒకటి అనాలి, ఎప్పుడూ వరసలోనే వస్తాయి, ఈసారి ఈయన ఒకటి అనలేదు.

మళ్ళీ బల్ల కొట్టారు. నా వంక చూశారు. నా మెడ కింద వేలాడుతున్న కుర్తా వంక చూశారు. "రెండు," అన్నారు, ఈసారి కోపంగా.

 వదినే లేచి వంటింట్లోకి వెళ్ళింది. తను దారిలో తినొచ్చానని చెబుతూ ఒకటే కంచం తెచ్చి, వడ్డించి, ఈయన చెయ్యి పెట్టిన చోట పెట్టింది. నన్ను భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. నా భుజం ఎముక చేతికి తగిలాక ఇంకో గరిటె అన్నం తెచ్చి వేసింది.

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడు నెలలుగా ఈయన ఎదురుగా కూర్చుని తినలేదు. తినిపించి, కడిగి, నిలబడి ఏదో కతికితే కతికినట్టు, లేకపోతే లేదు. ఈయనకి మాట లేదు కదా, ఏం చూస్తారులే అనుకున్నాను. అన్నీ చూశారు. చెప్పడానికి మాట దొరకలేదు.

తినడం మొదలుపెట్టాను. నేను ఒక ముద్ద తిన్నాకే ఈయన ఎడమ చేత్తో తనే చెంచా ఎత్తారు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయింది, చెయ్యి ఆపాను. ఈయన కూడా చెంచా కింద పెట్టేశారు. తినండి అన్నాను. నా వంక చూస్తూ కూర్చున్నారు, బళ్ళో మొండి పిల్లాడి ముందు నిలబడ్డట్టు. ఇంకో ముద్ద తీశాను. ఈయనా చెంచా తీశారు. పక్క గదిలోంచి వదిన ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది, ఆ మంచం వేరే ఎవరికైనా ఇచ్చుకోండి అని.

కంచాలు ఖాళీ అయ్యేసరికి రెండున్నరయింది.